నలభై రెండో చుక్క

తప్పు చేసింది ప్రసూనే. అందులో ఇంకొకరిని అనడానికి లేదు. లెక్కల్లో ఎమ్మెస్సీ చదివి, బీఎడ్ చేసి, టీచరు ఉద్యోగంలో చేరిన పంతొమ్మిదో రోజున, ఆరో తరగతి పిల్లల ముందు నిలబడి, సగానికి మూడోవంతు కలిపితే అయిదింట రెండు వంతులు అని బోర్డు మీద రాసింది. పైనున్న ఒకటీ ఒకటీ కూడితే రెండు, కిందున్న రెండూ మూడూ కూడితే అయిదు. భిన్నాల మొహం మొదటిసారి చూసిన పిల్లలు చేసే తప్పు అది. వాళ్లు ఆ తప్పు చెయ్యకుండా చూడమనే ఆమెను అక్కడ నిలబెట్టారు.

చెయ్యి బోర్డు మీద ఉంది గానీ కళ్లు అక్కడ లేవు. బోర్డు పక్కన గోడకు బిగించిన తెర మీద ఉన్నాయి. చేరిన రోజు నుంచీ అంతే. తెర మీద నలభై రెండు చుక్కలు, ఒక్కో చుక్క కింద ఒక పేరు. పిల్లలందరి కుడి చెవి వెనకా బొట్టుబిళ్ళంత బిళ్ళ ఒకటి అంటించి ఉంటుంది. పాఠం అర్థం కాని పిల్ల చుక్క పసుపు రంగులో ఉంటుంది, అర్థమైతే ఆకుపచ్చగా మారుతుంది. ఎంతసేపటికీ పసుపు వదలకపోతే బిళ్ళే చర్మం అడుగున సన్నటి కదలిక పుట్టించి, బుర్రలోని గందరగోళాన్ని సర్దుతుంది. టీచరు చెయ్యవలసిందల్లా చుక్కలు పచ్చబడేదాకా చెప్పడం, పచ్చబడగానే తరవాతి పాఠానికి పోవడం. పథకం పేరు ‘తేట’. గుంటూరులో పన్నెండు బడుల్లో నడుస్తోంది.

అర్థమైందా అని అడిగింది ప్రసూన. అర్థమైంది టీచర్ అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో పాడింది. నలభై ఒక్క చుక్కలు పచ్చబడ్డాయి. నలభై రెండోది పడలేదు.

ఆ చుక్క కింద పేరు సలోమి. మూడో బెంచీ చివర కూర్చుంటుంది. వాళ్లమ్మ మిర్చియార్డు దగ్గర షెడ్డులో కాయలకు తొడిమలు తీసే పని చేస్తుంది. సెలవురోజుల్లో ఈ పిల్లా వెళుతుంది కాబోలు, సోమవారాలు కళ్లు ఎర్రగా ఉంటాయి. చుక్క పచ్చబడటానికి క్లాసులో అందరికంటే ఆలస్యం ఆ పిల్లకే. కొన్నిసార్లు అసలు పచ్చబడదు. పాపం మందబుద్ధి అనుకుంది ప్రసూన, అందరూ అనుకున్నట్టే.

గంట కొట్టాక ఆ పిల్ల తలుపు దగ్గర ఆగింది. బోర్డు వంక చూస్తూ, చెప్పనా వద్దా అన్నట్టు కాళ్లు మార్చుకుంటూ నిలబడింది.

“టీచర్, సగం టిక్కీ కాయలున్నాయనుకోండి. అందులో ఇంకో టిక్కీలోయి మూడోవంతు పోస్తే, సగం కంటే తగ్గిపోద్దా?”

టిక్కీ అంటే మిరపకాయల బస్తా. ప్రసూన నవ్వబోయి, బోర్డు వైపు తిరిగింది. అయిదింట రెండు సగం కంటే తక్కువ. తప్పు తనదేనని ఒప్పుకుని, సరిదిద్ది చూపించి, సలోమి భుజం తట్టి పంపించింది. సిగ్గుపడవలసినంతా పడింది. ఆ సిగ్గు వెనకాల ఇంకొకటి మెల్లగా లేచి కూర్చుంది. తప్పు చెబితే నలభై ఒక్కమందికి అర్థమైంది. ఏం అర్థమైంది వాళ్లకి?

ఆ ప్రశ్న వెయ్యడానికి ఆమె ఎక్కడికో పోనక్కర్లేదు. తేట బిళ్ళను కనిపెట్టిన డాక్టర్ ఇందుమతి ఆమెకు సొంత వదిన. అన్నయ్యకు రైల్వేలో ఉద్యోగం, నెలకు ఇరవై రోజులు వాల్తేరులోనే. లక్ష్మీపురంలో వదినా, పన్నెండేళ్ల మేనకోడలు సంహితా ఉండే ఫ్లాటులోనే ప్రసూన కూడా ఉంటోంది. బంధువుల్లో ఇందుమతి పేరు చెబితే గొంతులు తగ్గుతాయి. పెళ్లిళ్లలో ఆవిడకి కుర్చీ వేశాకే మిగతావాళ్లు కూర్చుంటారు. ఆవిడ మంచిది కూడా. అదే వచ్చిన చిక్కు. కోపం తెచ్చుకోవడానికి వీలివ్వని మంచితనం ఆవిడది.

రాత్రి అన్నాల దగ్గర ప్రసూన జరిగింది చెప్పింది. ఇందుమతి చారు కలుపుకుంటూ శ్రద్ధగా విన్నది. పిల్లలు నువ్వు చూపిన పద్ధతిని అర్థం చేసుకున్నారు, ఆ పద్ధతే తప్పయితే తప్పు పద్ధతి అర్థమవుతుంది, బిళ్ళ కొలిచేది గ్రహింపునే గానీ నిజానిజాలను కాదు కదా అంది. మాట నున్నగానే ఉంది, అందుకే ప్రసూనకు మింగుడు పడలేదు.

“అయినా మొదటి నెలలో అందరికీ ఇలాంటి సందేహాలే వస్తాయి,” అని నవ్వింది ఇందుమతి. “మా అమ్మ మిక్సీ కొన్నప్పుడు ఆర్నెల్లు రోట్లోనే రుబ్బింది.”

సంహిత తలవంచుకుని తింటోంది. ఆ పిల్ల చెవి వెనకా బిళ్ళ ఉంది. బిళ్ళ తయారవగానే మొదట పెట్టింది సొంత కూతురికే. ఊళ్లో పిల్లలకు పెట్టేముందు నా పిల్లకు పెట్టాను అని ఇందుమతి సభల్లో చెబుతుంది, జనం చప్పట్లు కొడతారు. ఏడాదిన్నర కిందట సంహిత ఉన్న ఇంట్లో అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఉప్పు కరిగితే ఎక్కడికి పోతుంది, నిన్న అనే రోజు ఇప్పుడెక్కడుంది, అత్తా నీకు పెళ్లెందుకు కాలేదు, కానప్పుడు నువ్వెందుకు ఏడవట్లేదు. పిల్ల నోరు పడితే బావుణ్ణని ప్రసూన స్వయంగా అనుకున్న రోజులున్నాయి. ఇప్పుడు నోరు పడింది. స్కూల్లో ఫస్టు. పెరుగు వేసుకోమంటే వేసుకుంది, చాలా అంటే చాలంది. గణితంలో భాజనీయత సూత్రం చెప్పబోతే, వాక్యం సగంలో ఉండగానే “అర్థమైంది అత్తా” అంది.

మర్నాడు ప్రసూన ఒక పని చేసింది. అది చెయ్యకూడని పనే. నలభై ఇద్దరు పిల్లల ముందు నిలబడి, స్పష్టంగా, పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది: “గుంటూరు పొడుగు బుధవారం కంటే రెండు కిలోలు ఎక్కువ. కాబట్టి నీళ్లకు మూడు మూలలుంటాయి.”

చెప్పి తెర వంక చూసింది. చుక్కలన్నీ ఒక్కసారి పసుపుగా మెరిశాయి. ఆమె గుండె కుదుటపడింది. నలభై రెండు బుర్రలూ, ఇదేమిటి అనుకున్నాయి. ఆ తరవాత ఆమె చూస్తూండగానే, ఒకటీ ఒకటీ, గాలికి దీపాలు కొండెక్కినట్టు, పసుపు ఆరిపోయి పచ్చబడుతూ వచ్చాయి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ముందు బెంచీలో ఒక పిల్లవాడి కనుబొమలు ముడిపడి ఉన్నాయి. ఆ ముడి దానంతటదే విడిపోయింది, ఎవరో ఇస్త్రీ చేసినట్టు.

ఆమె అర్థమైందా అని అడిగింది. అర్థమైంది టీచర్ అన్నారు.

సలోమి చుక్క పసుపుగానే ఉంది. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, తనొక్కత్తే ఒంటరిదైపోయినట్టు, చెవి వెనక గోక్కుంటోంది.

ఆ మధ్యాహ్నమే హెడ్‌మాస్టరు పూర్ణచంద్రరావు ఆమెను గదికి పిలిపించి ఒక కాగితం ముందుకు తోశారు. మూడు నెలలుగా సరిగా పచ్చబడని పిల్లలకు రెండో మోతాదు పెట్టాలట. బిళ్ళలో కదలిక బలం నాలుగు రెట్లు చేస్తారు. ఈ బడిలో అలాంటిది ఒక్క సలోమే. తరగతి టీచరు సంతకం కావాలి, సోమవారంలోగా. పెద్దసారు పాపం కసురుకునే మనిషి కాదు. ఈ పథకం వచ్చాక బడి ఫలితాలు ఎనభై శాతం దాటాయి, అంతకుముందు పదేళ్లలో ఎప్పుడూ నలభై దాటలేదు. నోట్సులో ఉన్నదే పరీక్షలో వస్తుంది, భయం లేని పిల్లలు ఉన్నదున్నట్టు దించుతారు. ప్రసూన తాను చూసింది చెబితే ఆయన మొహం మాడిపోయింది.

“నువ్వు తప్పు చెప్పి, యంత్రాన్ని అంటావేంటమ్మా? పిచ్చిమాటలు చెప్పి పరీక్ష పెట్టావా పిల్లలకి? ఆ మాట ఇంకెక్కడా అనకు. నీకింకా రెండేళ్లు ప్రొబేషను.”

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. వచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉంది.

అయిదయింది. సంహిత రాలేదు. ఆరయింది. స్కూలుకు ఫోను చేస్తే, వ్యాను చెడిపోయిందనీ, పెద్ద పిల్లల్ని సిటీ బస్సుల్లో వెళ్లమన్నామనీ చెప్పారు. ఇందుమతి లాబ్ నుంచి వచ్చింది. ఇద్దరూ ఆటోలో బస్టాండు, బ్రాడీపేట, సంహిత స్నేహితుల ఇళ్లు అన్నీ తిరిగారు. ఏడు దాటాక ఫోను మోగింది. పొన్నూరు బస్టాండులో జామకాయలమ్మే ఆవిడ. ఒక పాప మూడు గంటలుగా ఇక్కడే బల్ల మీద కూర్చుని ఉందమ్మా, సంచిలో డైరీ చూసి చేస్తున్నాను అంది.

వెళ్లేసరికి సంహిత చేతిలో ఆవిడ కోసిచ్చిన జామకాయ ముక్క అలాగే ఉంది. ఏడవడం లేదు. భయపడ్డ గుర్తులు లేవు. జామకాయలావిడే భయపడి ఉంది.

“ఎక్కడికెళ్లాలమ్మా అంటే తెలీదంటది. మరి ఎవరినన్నా అడగొచ్చు గదా అంటే, ఏం అడగాలి అంటది. ఇందాక ఒకడు వచ్చి, మీ నాన్న పంపాడు రా పాపా అన్నాడు. అర్థమైంది అంకుల్ అని లేచింది. నేను కత్తెత్తాను గాబట్టి వాడు పోయాడు. మీ పిల్లకేమన్నా బాగలేదా అమ్మా?”

కండక్టరు ఇది పొన్నూరు బండి, లక్ష్మీపురం పోదు అని చెప్పాడట. అర్థమైంది అని కూర్చుందట. దారిలో ఊళ్లు మారుతూ ఉంటే, పొలాలు వస్తూ ఉంటే, ఇదేంటి అనిపించలేదా అని అడిగింది ప్రసూన.

“అనిపించింది అత్తా. తరవాత పోయింది.”

తిరుగు ప్రయాణంలో, అద్దెకారు వెనక సీట్లో, ప్రసూన ఆ పిల్ల చెవి వెనక చెయ్యి పెట్టి బిళ్ళ ఊడబీకింది. చర్మం ఎర్రగా లేచింది. ఇందుమతి అలా లాగకూడదు ప్రసూనా, నెమ్మదిగా తగ్గించాలి అనబోయింది. ప్రసూన అద్దం దించి దాన్ని బయటికి విసిరేసింది.

శనివారం ఉదయం ప్రసూన లాబ్‌కు వెళ్లింది. ఇందుమతి వద్దనలేదు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. బలం ఎక్కువైంది, సంహితకు బలం ఎక్కువైంది, అంతే, అని తనకు తనే చెప్పుకుంటోంది. ప్రసూన ఒక్కటే అడిగింది. పిల్లకు అర్థమైందని ఈ బిళ్ళకు ఎవరు చెప్పారు? పుట్టుకతో తెలియదు కదా దానికి.

అది దాచిన సంగతేం కాదు. మూడేళ్ల కిందట అరవై బడుల్లో మూడువేల మంది పిల్లల తలలకు తీగలు తగిలించి, పాఠం వింటూండగా బుర్రలో ఏం జరుగుతోందో నమోదు చేశారు. అర్థమైన క్షణంలో బుర్ర ఎలా ఉందో, కాని క్షణంలో ఎలా ఉందో యంత్రం పోల్చుకుని నేర్చుకుంది. అయితే ఏ క్షణంలో అర్థమైందో గుర్తు పెట్టేదెవరు? లాబ్ నుంచి వెళ్లిన కుర్రవాళ్లు, మీట నొక్కి. ఇందుమతి ఆ వీడియోలు తెరిచింది.

ఒక బడి. సుద్దముక్క పట్టుకున్న మాస్టారు, నేల మీద పిల్లలు, తలల మీద తీగల టోపీలు. కిరణజన్య సంయోగక్రియ గురించి చెప్పి మాస్టారు బెత్తం బల్లకేసి తట్టి అడిగాడు, అర్థమైందా? అర్థమైంది సార్ అన్నారు పిల్లలు. కుర్రవాడు మీట నొక్కాడు.

ఇంకో బడి. అర్థమైందా? అర్థమైంది మేడం. మీట.

ఇంకో బడి. ఇంకో బడి. ప్రసూన పదకొండు చూసింది. పన్నెండోది మొదలవుతుండగా నవ్వొచ్చింది. అది నవ్వు కాదని ఆమెకే తెలిసింది.

“వదినా, నువ్వెప్పుడైనా అర్థం కాకుండా అర్థమైందన్నావా?”

“ఎందుకంటాను? అర్థమైతేనే అనేదాన్ని.”

ఆవిడ నిజమే చెప్పింది. చిన్నప్పటి నుంచీ ముందు బెంచీ. ఆవిడ ఊఁ అంటే ఆవిడకు తెలిసే అంటుంది. వెనక నలభై మంది ఎందుకు ఊఁ కొట్టారో వెనక్కి తిరిగి చూసే అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. ప్రసూన మాత్రం నాలుగో బెంచీ మనిషి. పదేళ్లపాటు రోజుకు ఆరుసార్లు అర్థమైంది టీచర్ అంది. అన్నప్పుడు ఒంట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు. టీచరు చూపు మన మీదుగా దాటి వెళ్లిపోతుంది. వీపు సడలుతుంది. లేపి అడగరు, ఇవాళ్టికి గండం గడిచింది. ఈ యంత్రం మూడువేల మంది పిల్లల్లో వెతికి పట్టుకుని, కొలిచి, ఆకుపచ్చ రంగు వేసింది ఆ గండం గడిచిన హాయికి. ఇప్పుడు దాన్నే తిప్పి పిల్లల బుర్రల్లోకి ఎక్కిస్తోంది. సందేహం పుట్టిన ప్రతిసారీ, పుట్టినదాన్ని పుట్టినట్టే గొంతు నులిమి.

ఇదంతా ఆమె పళ్లు బిగించి చెప్పింది. ఇందుమతి వీడియో ఆపేసింది.

“అయితే యంత్రానికి నేర్పిన నమూనాలు తప్పు. నమూనాలు మార్చాలి.”

“నమూనాలా? నిన్న నీ కూతురు ఎవడి చెయ్యి పట్టుకుని పోబోయిందో విన్నావా?”

“విన్నాను. అందుకే చెబుతున్నాను. తప్పు తెలిస్తే దిద్దుకోవద్దూ?”

ప్రసూన లేచి వచ్చేసింది. ఇంకాసేపుంటే చెయ్యి చేసుకునేదాన్నేమో అని తరవాత అనుకుంది.

సోమవారం ఆమె కాగితం మీద సంతకం పెట్టలేదు. పెట్టనని, ఎందుకు పెట్టనో వివరంగా రాసి ఇచ్చింది. పూర్ణచంద్రరావు ఆ కాగితాన్ని వేలికొసలతో పట్టుకుని, పైకి పంపుతాను, ఇక నీ అదృష్టం అన్నారు. రెండో రోజుకే పైనుంచి జవాబు వచ్చింది. సలోమికి రెండో మోతాదు ఆపేశారు, ఉన్న బిళ్ళ కూడా తీసేశారు. ప్రసూన ఒక్క పూట పొంగిపోయింది. మిగతా నలభై ఒక్కమందికి తియ్యలేదని, ఎందుకు తియ్యలేదో పైవాళ్లు ఒక్క ముక్క రాయలేదని సాయంత్రానికి గానీ తట్టలేదు.

ఇంట్లో సంహిత చెవి వెనక పుండు మానింది. పిల్ల మాత్రం మారలేదు. అర్థమైంది అనడం మానేసింది గానీ దాని బదులు ఏమీ అనదు. అడిగినదానికి జవాబు, పెట్టినది తినడం. కిటికీ దగ్గర కూర్చోబెడితే అక్కడే. ఒంటరిగా వదలడానికి భయం వేసి, ఎవరు బయటికి వెళ్లినా వెంట తీసుకెళుతున్నారు. పదిరోజులు అలా గడిచాయి. ఇందుమతి రోజూ రాత్రి కూతురి పక్కన కూర్చుని ఏదో ఒకటి అడగమని బతిమాలుతుంది. ఏం అడగాలమ్మా అంటుంది పిల్ల. ఆవిడ వంటింట్లోకొచ్చి కుళాయి తిప్పి ఏడుస్తుంది. ప్రసూనకు జాలి వెయ్యాలి. వెయ్యలేదు.

పదకొండో రోజు శనివారం. కూరలు తరుగుతున్న ప్రసూన ఎదుట స్టూలు వేసుకు కూర్చుని, ఇందుమతి మెల్లగా అసలు సంగతి చెప్పింది. కొత్త నమూనాలు కావాలి. ఈసారి కచ్చితమైనవి. తనకు అర్థం కాలేదని తనకు నిజంగా తెలిసిన పిల్ల కావాలి. మూడు నెలలు కదలికలు పంపినా పసుపు పూర్తిగా వదలని బుర్ర పన్నెండు బడుల్లోనూ ఒక్కటే దొరికింది. సలోమిని రెండు నెలలు లాబ్‌లో పెట్టుకుని నమోదు చేస్తే, ఆ నమూనాతో యంత్రానికి మళ్లీ మొదటి నుంచి నేర్పవచ్చు. సంహిత కూడా బాగుపడవచ్చు. తల్లి సంతకం కావాలి, టీచరుగా నీ సంతకమూ కావాలి.

“అందుకా ఆ పిల్ల బిళ్ళ తీయించావు? నేను రాసిన కాగితం చూసి కాదన్నమాట.”

“చెడిపోకుండా ఉంచాలని…” అని ఆగిపోయింది ఇందుమతి.

కత్తిపీట మీద ప్రసూన చెయ్యి నిలిచిపోయింది. నిన్నటిదాకా పనికిరాని పిల్ల. ఇవాళ ఊరగాయకు ఏరి పక్కన పెట్టిన కాయ.

“మిగతా పిల్లలకు ఎప్పుడు తీయిస్తావు?”

“అందరికీ ఒక్కసారి తీస్తే ఏమవుతుందో తెలీదు ప్రసూనా. సంహితను చూస్తున్నావుగా. కొత్త నమూనా రాగానే మారుస్తాం.”

“నేను సంతకం పెట్టను. వాళ్లమ్మ దగ్గరికి మాత్రం నేను వస్తాను. నువ్వు అడిగేది తల్లిని కాదు, ఆ పిల్లని అడుగు. దానికి అర్థమయ్యేలా చెప్పు. అర్థమై సరేనంటే అప్పుడు చూద్దాం.”

ఇందుమతి వెంటనే ఒప్పుకుంది. చెప్పడం తనకు బాగా వచ్చని ఆవిడ నమ్మకం.

ఆదివారం ఉదయం సంహితను కూడా తీసుకుని ఇద్దరూ మిర్చియార్డు దగ్గరి షెడ్డుకు వెళ్లారు. షెడ్డు నిండా ఎర్రటి గుట్టలు. ముక్కులకు కొంగులు కట్టుకున్న ఆడవాళ్లు గుట్టల చుట్టూ కూర్చుని తొడిమలు గిల్లుతున్నారు. లోపల అడుగు పెట్టగానే ఇందుమతికి దగ్గు తెర పట్టుకుంది. సలోమి తల్లి మార్తమ్మ లేచి, ఒక ఖాళీ గోతాం దులిపి పరిచింది. చేతులు మొహానికి తగలకుండా మోచేత్తో చెమట తుడుచుకుంది.

“ఇక్కడ కూర్చోబెట్టడానికేముందమ్మా. ఆ చిన్నపాపని తలుపు కాడ నిలబెట్టండి, కళ్లు మండుతాయి.”

సంహితను గాలి తగిలేచోట నిలబెట్టారు. ఇందుమతి కళ్లు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. తియ్యగా, చిన్న చిన్న మాటల్లో చెప్పింది. మేమొక యంత్రం చేశాం, అది తప్పు నేర్చుకుంది, నీ దగ్గర ఒప్పు నేర్చుకుంటుంది.

సలోమి చేతులు ఆపకుండానే విన్నది.

“నా దగ్గరేం నేర్చుకుంటదండీ? నాకే సరిగా రాదు.”

“అదేనమ్మా కావాలి. రానప్పుడు రాలేదని నీకు తెలుస్తోంది. అది గొప్ప సంగతి.”

“అది అందరికీ తెలుసండీ. చెప్పరంతే.”

“ఎందుకు చెప్పరు?”

“చెప్తే లేచి నిలబడమంటారు గదండీ.”

గుట్టకు అవతల ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. మూడువేలమంది తలలకు తీగలు పెట్టి కనిపెట్టలేనిది ఇక్కడ తొడిమలు గిల్లుతూ ఒక పిల్ల చెప్పింది. ఇందుమతి మొహం ఎర్రబడింది, మిరప ఘాటో, మరొకటో. అయినా విడిచిపెట్టలేదు. మళ్లీ ఇంకోవిధంగా చెప్పింది. అర్థం కాని పిల్లల్ని కొత్త బిళ్ళ సరిగా గుర్తుపడుతుందని చెప్పింది.

“గుర్తుపట్టి ఏం చేస్తదండీ?”

“వాళ్ల కంగారు తగ్గిస్తుంది.”

“కంగారు తగ్గితే లెక్క వస్తదా?”

ఇందుమతి, కంగారు తగ్గితే ధ్యాస కుదురుతుందని, ధ్యాస కుదిరితే నేర్చుకోవడం తేలికవుతుందని చెప్పింది. సలోమి ఆలోచించింది. ఎంతసేపు ఆలోచించిందంటే, మార్తమ్మ కూతురి తొడ మీద చిన్నగా గిల్లింది.

“నాకు అర్థం కాలేదండీ,” అంది సలోమి.

“దీనికి ఇదే రోగం మేడంగారూ,” మార్తమ్మ సిగ్గుతో చితికిపోయింది. “పెద్దావిడ అంతలా చెప్తుంటే ఊఁ అనవే. మీరు చదువుకున్నోళ్లు, మీకు తెలవందేముంది. ఆ కాగితం ఇటివ్వండమ్మా, ఏలిముద్రేస్తాను.”

ప్రసూనకు ఒళ్లు భగ్గుమంది. మార్తమ్మ మీద కాదు. ఊఁ అనవే అని ఆ తల్లి నోట పలికించిన బడులన్నిటి మీదా, తాను కూడా మోస్తున్న ఆ సుద్దముక్క మీదా. కాగితం మీద అరచెయ్యి పెట్టి, పిల్ల సరేనంటేనే అంది.

ఇందుమతి నాలుగోసారి మొదలుపెట్టింది. ఈసారి గొంతు ఇంకా మెత్తబడింది. లాబ్‌లో బొమ్మలుంటాయంది, ఏసీ ఉంటుందంది, కళ్లు మండవంది. రోజూ కారు వచ్చి తీసుకెళుతుందంది. మా అమ్మాయికి కూడా దీనివల్ల నయమవుతుందని చెప్పి తలుపు వైపు చెయ్యి చూపించింది. సలోమి అటు చూసింది. సంహిత కూడా ఆ పిల్లనే చూస్తోంది. ఘాటుకు కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

“ఆ అమ్మాయికి నయమవ్వాలండీ,” అంది సలోమి. “కానీ నాకు బిళ్ళ పెట్టినప్పుడు చెవి వెనకాల చీమ పాకినట్టుండేది. ఏదన్నా అనుకోబోతే మధ్యలో పాకేది. అనుకోవడం మర్చిపోతానని లోపల గట్టిగా పట్టుకునేదాన్ని. పొద్దుగూకేసరికి తలనొప్పి. మళ్లీ నా దగ్గర నేర్చుకుని అందరికీ అదే పెడతారు గదా. నాకు అర్థం కాలేదు. వద్దండీ.”

షెడ్డులో చేతులన్నీ ఆగాయి. ఇందుమతి ముందుకు వంగి, సలోమి మోకాలి మీద చెయ్యి వేసి, అయిదోసారి చెప్పడానికి గొంతు సవరించుకుంది. “అలా కాదమ్మా, చూడూ…”

“అమ్మా.”

తలుపు దగ్గరి నుంచి. చిన్న గొంతు, తుప్పు పట్టిన గడియ తీసినట్టు గరగరలాడుతూ వచ్చింది. సంహిత కనుబొమలు దగ్గరికొచ్చాయి. నుదురు మీద ముడి పడింది. ఆ ముడిని ఎవరూ విప్పలేదు, అది అలాగే నిలిచింది.

“ఆ అమ్మాయి వద్దంటోంది కదా. మళ్లీ ఎందుకు చెబుతున్నావు?”

ఏడాదిన్నర తరవాత ఆ పిల్ల తనంతట తానే వేసిన మొదటి ప్రశ్న అది. ఇందుమతి మొహంలో ముందు ఏమీ లేదు. తరవాత ఒక్కసారిగా వెలుగొచ్చింది. కళ్లు నీళ్లతో నిండాయి. కుడిచెయ్యి మాత్రం తనంతట తానే ఒళ్లో సంచిలోకి పోయి, మీట నొక్కి ఆ క్షణాన్ని గుర్తుపెట్టే చిన్న యంత్రం కోసం తడుముకుంటోంది.

ప్రసూన ఆ మణికట్టు పట్టుకుంది. గాజులు చర్మంలోకి దిగేంత గట్టిగా పట్టుకుంది.

“ముందు దానికి జవాబు చెప్పు వదినా.”

ఇందుమతి కూతురి వంక చూసింది. తలుపు దగ్గర సంహిత, ముడిపడ్డ నుదురుతో, రెప్ప వెయ్యకుండా నిలబడి ఉంది. ఊఁ అనేటట్టు లేదు.